కెడిల్‌స్టన్ హాల్‌కి కలకత్తా రాజ్‌భవన్ నకలా? ఇలాంటి ఇంటిని ఎలా చూడాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. చదువు కోసం ఇంగ్లాండ్ వచ్చారు. శనివారం డెర్బీ పక్కనున్న కెడిల్‌స్టన్ హాల్ అనే పాత దొరల భవనానికి వెళ్లొచ్చారు. కలకత్తా రాజ్‌భవన్ దీన్ని చూసే కట్టారని అక్కడెవరో చెప్పారు. అది నిజమేనా, ముందు వైపు ఒకలా వెనక వైపు ఇంకోలా ఎందుకుంది, గదులన్నీ తిరిగినా మనుషులు కాపురం చేసిన జాడే కనపడలేదేంటి అన్నవి మీ సందేహాలు.

సూటిగా చెప్తాను. ప్లాన్ వరకు నిజమే. 1799–1803 మధ్య గవర్నర్ జనరల్ వెల్లెస్లీ కలకత్తాలో కట్టించిన గవర్నమెంట్ హౌస్‌కి (అదే తర్వాత రాజ్‌భవన్ అయింది) కెడిల్‌స్టనే మూలం. అయితే పూర్తిగా నకలు అనలేం. మూలానికి నాలుగు రెక్కలు, అంటే మూలల్లో చిన్న భవనాలు, అనుకుని రెండే కట్టారు, కలకత్తాలో నాలుగూ కట్టారు. ఇక కాపురం జాడ కనపడకపోవటం మీ చూపులో లోపం కాదు. మీరు తిరిగిన ఆ నడిమి భవనం వచ్చినవాళ్లకు చూపించటానికి కట్టింది, ఉండటానికి కాదు. ఈ ముక్క పట్టుకుంటే మీ మిగతా ప్రశ్నలు కూడా విడిపోతాయి.

నేను పాత కట్టడాల మరమ్మతు పనిలో ఉన్న ఆర్కిటెక్ట్‌ని, చాలాకాలంగా ఇంగ్లాండ్ నడిమి ప్రాంతమైన ఈ మిడ్‌లాండ్స్‌లోనే ఉంటున్నాను. మనవాళ్లెవరొచ్చినా ఇదే జిల్లాలోని చాట్స్‌వర్త్ భవనం చూపించమంటారు. నేను మాత్రం ముందు కెడిల్‌స్టన్‌కే తీసుకెళ్తాను. చాట్స్‌వర్త్‌ని తరతరాలుగా మార్చుకుంటూ, కలుపుకుంటూ వచ్చారు, కొత్తవాళ్లకి తల తిరుగుతుంది. కెడిల్‌స్టన్ ఒక మనిషి హయాంలో, ఒకే ఉద్దేశంతో లేచిన ఇల్లు. ఆ ఉద్దేశం గోడల మీద కనిపిస్తూనే ఉంటుంది.

కట్టించిందెవరు

కర్జన్ కుటుంబం 12వ శతాబ్దం నుంచి ఆ ఊళ్లో ఉంది. సర్ నథానియల్ కర్జన్ 1758లో ఆస్తికి వారసుడయ్యాడు. అప్పటికి అక్కడ 1700 ప్రాంతంలో కట్టిన ఇటుక ఇల్లు ఉంది. పాతబడిందేం కాదు, అయినా కూల్చేయించాడు. కారణం రాజకీయం. అదే జిల్లాలో చాట్స్‌వర్త్‌లో డెవన్‌షైర్ డ్యూకులు ఉన్నారు, వాళ్లది విగ్ అనే పార్టీ, కర్జన్లది దానికి పోటీ అయిన టోరీ పార్టీ. ఎదుటివాడికి అంత పెద్ద భవనం ఉన్నప్పుడు ఇటుక ఇంట్లో కూర్చుని జిల్లా పెద్దమనిషినంటే ఎవరు వింటారు? 1761లో ఈయనకి బారన్ స్కార్స్‌డేల్ బిరుదు వచ్చింది. అంటే ఇల్లు లేస్తుండగానే హోదా కూడా లేచింది.

ఇల్లొక్కటే కాదు, చుట్టూ ఉన్న భూమినీ మార్చేశారు. కెడిల్‌స్టన్ అనే పల్లె సరిగ్గా ఇంటి పక్కనే ఉండేది. కొత్త ఇంటి నుంచి కనిపించకుండా దాన్ని దూరంగా జరిపేశారు, దారినీ మళ్లించారు. వాగుకి అడ్డుకట్ట వేసి చెరువు చేశారు, దాని మీద మూడు కమానుల వంతెన కట్టారు. ఊరి గుర్తుగా మిగిలింది ఒక్క చర్చి. అంత పెద్ద భవనం పక్కన ఒదిగి, అక్కడెందుకుందో అర్థం కాకుండా నిలబడి ఉంటుంది చూశారా, అదే. ఇంటికంటే అది కొన్ని వందల ఏళ్లు పాతది. ఆ పచ్చిక బయలంతా ప్రకృతి అనుకుని ఫోటోలు తీసుకుంటాం కానీ, ఒక ఊరు లేకుండా పోయిన చోటు అది.

ముందొకలా, వెనకొకలా ఎందుకు

ఎందుకంటే కొద్ది కాలంలోనే పని ముగ్గురు ఆర్కిటెక్టుల చేతులు మారింది. మొదట మాథ్యూ బ్రెటింగ్‌హామ్. ఇటలీ మేస్త్రీ పల్లాడియో గీసి, కట్టకుండానే ఆగిపోయిన ఒక విల్లా ప్లాన్‌ని ఆధారంగా తీసుకున్నాడు. మధ్యలో పెద్ద భవనం, నాలుగు మూలలా నాలుగు చిన్న భవనాలు, వాటిని కలుపుతూ వంపు తిరిగిన నడవలు. కుటుంబం ఉండే రెక్క ఆయన మొదలుపెట్టిందే. తర్వాత జేమ్స్ పైన్ వచ్చాడు. వంటింటి రెక్క, ఉత్తరం వైపు ముఖభాగం ఆయన ఆలోచనలు. తల దగ్గర ఆకులు చెక్కిన ఆరు భారీ కొరింథియన్ స్తంభాల పోర్టికో (ముందు వసారా), రెండు వైపుల నుంచి ఎక్కే మెట్లు, అటూ ఇటూ చేతులు చాచినట్టు నడవలు. రెక్కలతో కలిపి ఆ ముఖం పొడవు దాదాపు 107 మీటర్లు.

మూడోవాడు రాబర్ట్ ఆడమ్. స్కాట్లాండ్ వాడు, అప్పుడే ఇటలీ నుంచి తిరిగొచ్చాడు, వయసు ముప్పై చుట్టుపక్కల. మొదట ఈయనకి అప్పగించింది తోటలో కట్టడాలే. తన బొమ్మలు చూసి కర్జన్ నోరెళ్లబెట్టాడని తమ్ముడు జేమ్స్‌కి రాసిన ఉత్తరంలో గొప్పగా చెప్పుకున్నాడు. 1760 నాటికి మొత్తం పని ఈయన చేతికి వచ్చేసింది. పైన్ బయటికి వెళ్లాడు. ఆ రోజుల్లోనూ మా వృత్తి ఇంతే.

ఉత్తరం వైపు అప్పటికే చాలా దూరం వెళ్లిపోయింది కాబట్టి ఆడమ్ దాన్ని పెద్దగా కదపలేదు. దక్షిణం వైపు మాత్రం తన ఇష్టం. రోమ్‌లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి విజయ తోరణం ఉంది కదా, దాన్నే తెచ్చి ఇంటి వీపుకి అతికించాడు. గోడకి అంటకుండా ముందుకి నిలబడ్డ నాలుగు స్తంభాలు, వాటి నెత్తిన విగ్రహాలు, వెనకాల చదునైన గుమ్మటం, కింద వంపు తిరిగిన మెట్లు. ఉత్తరం వైపు పైన్ స్తంభాల్ని వరస పెట్టి బరువుగా కూర్చోబెడితే, దక్షిణం వైపు ఆడమ్ గోడని ముందుకీ వెనక్కీ కదిలించాడు. సాయంత్రం పక్క ఎండ పడినప్పుడు చూడండి, స్తంభాల నీడలు గోడ మీద పడి తేడా ఇట్టే తెలుస్తుంది. నన్నడిగితే ఇంగ్లాండ్‌లో 18వ శతాబ్దపు ముఖభాగాల్లో దీనికి సాటి వచ్చేవి చాలా తక్కువ. కానీ ఆడమ్ గీసిన దక్షిణపు రెక్కలు రెండూ కట్టనే లేదు. అందుకే ఆ వైపు నుంచి చూస్తే భవనం కాస్త ఒంటరిగా అనిపిస్తుంది.

ఆ ముఖం మీద 1765 సంవత్సరంతో ఒక లాటిన్ శాసనం ఉంది. లార్డ్ స్కార్స్‌డేల్ ఈ ఇంటిని తన మిత్రుల కోసం, తన కోసం కట్టించాడని సారాంశం. ముందు మిత్రులు, తర్వాత తను. ఆయనేమీ దాచుకోలేదు.

లోపల ఎవరి దారి ఎటు

ఇక్కడ కొంచెం నెమ్మదిగా వెళ్దాం, ఎక్కువమంది తప్పిపోయేది ఇక్కడే.

పోర్టికో మెట్లెక్కితే మీరు వచ్చేది నేల అంతస్తుకి కాదు, దానిపైదానికి. కింద గరుకు రాయితో, పొట్టి కిటికీలతో ఉన్నది పనుల అంతస్తు. పెద్దలు తిరిగేదంతా దాని నెత్తిన. ఇటలీ నుంచి వచ్చిన పద్ధతి ఇది. తడి అంటదు, చూపు దూరం వెళ్తుంది, పనివాళ్లు కాళ్లకి అడ్డం పడరు.

తలుపు దాటగానే మార్బుల్ హాల్. పేరుకి మార్బుల్ గానీ స్తంభాలు అలబాస్టర్, నాటింగ్‌హామ్‌షైర్ రాయి. 20 స్తంభాలు, ఒక్కోటి 25 అడుగులు. దగ్గరికెళ్లి చూడండి. పాలరంగు మీద ఎర్రటి, పచ్చటి చారలు, ఒక స్తంభంలా ఇంకోటి ఉండదు. మొదట నున్నగానే నిలబెట్టారు, నిలువు గాడులు 1770లలో చెక్కించారు. అలబాస్టర్ గోరు గీత పడేంత మెత్తటి రాయి, వానకి అరిగిపోతుంది, లోపల తప్ప పనికిరాదు. గాడి అంచు ఎక్కడైనా పెచ్చు లేచిందంటే బండి చక్రమో, కుర్చీ కాలో తగిలినట్టే. మా వాళ్లు సర్వే చేసేటప్పుడు నడుము ఎత్తు వరకే ఎక్కువ సమయం పెట్టేది అందుకే.

ఆ హాల్లో గోడలకి కిటికీలు లేవు. వెలుగంతా పైనుంచి. పాతకాలపు రోమన్ ఇంటి నడిమి వాకిలిని తిరిగి కట్టానని ఆడమ్ ఉద్దేశం. కోనసీమలో మండువా లోగిలి ఇల్లు చూసినవాళ్లకి ఈ వెలుగు కొత్తగా అనిపించదు, కాకపోతే ఇక్కడ పైన అద్దం ఉంది, వాన లోపలికి రాదు. రాదు అన్నాను గానీ, పై వెలుగు ఉన్న ప్రతి ఇంట్లోనూ మాకు పని దొరికేది అక్కడే. సీసం రేకులు ఎండకి సాగి, చలికి ముడుచుకుని చీలతాయి. నేను పనిచేసిన ఒక ఇంట్లో (పేరు వద్దులెండి) పిట్టగోడ వెనక దాగి ఉన్న కాలువలో ఆకులు పేరుకుని, 200 ఏళ్ల సున్నపు పూల పని ఒక్క శీతాకాలంలో ఊడి కిందపడింది. అందుకే అందరూ కప్పు లోపలి బొమ్మలు చూస్తుంటే నేను మరకలు వెతుకుతుంటాను.

హాల్ దాటితే సలూన్, అంటే అతిథులు కూడే పెద్ద గది. పూర్తిగా గుండ్రటి గది, 42 అడుగుల వ్యాసం, 62 అడుగుల ఎత్తు, రోమ్‌లోని పాంథియాన్ అనే పాత గుడిని తలపించే గుమ్మటం. గోడ గూళ్లలో కలశాలు పెట్టిన బలిపీఠాల్లాంటివి కనిపిస్తాయి. అవి నిజానికి పోత ఇనుప స్టవ్‌లు, గది వెచ్చబెట్టటానికి. గుండ్రటి గోడకి ఫైర్‌ప్లేస్ అందంగా కుదరదు, డెర్బీ చలేమో ఆగదు. ఆడమ్ ప్రతిభ గుమ్మటంలో కంటే నాకు ఈ స్టవ్‌లలోనే ఎక్కువ కనిపిస్తుంది.

ఈ రెండింటికీ అటూ ఇటూ మిగతా గదులు. తూర్పు వైపు సంగీతం గది, బొమ్మలున్న డ్రాయింగ్ రూమ్, లైబ్రరీ. అంటే కళలు. పడమర వైపు భోజనాల గది, గొప్ప అతిథి వస్తే ఇచ్చే పడకగది వరస. అంటే మర్యాదలు. అతిథిని హాల్‌తో మొదలుపెట్టి చుట్టూ తిప్పుకుని తీసుకురావచ్చు, వెళ్లిన దారినే మళ్లీ రావక్కర్లేదు. ఆ పడకగదిలో మంచం కోళ్లు తాటిచెట్టు కాండాల్లా చెక్కి, ఆకులు పైకి విచ్చుకున్నట్టు బంగారు పూత పూశారు. డ్రాయింగ్ రూమ్‌లో జాన్ లిన్నెల్ చేసిన సోఫాలకి చేతుల దగ్గర సముద్ర కన్యలు. కూర్చోటానికి ఎవరికైనా జంకే.

మరి ఇంటివాళ్లు ఎక్కడుండేవాళ్లు? ఈశాన్యం వైపు రెక్కలో. రోజువారీ బతుకంతా అక్కడే. వాయవ్యం వైపు రెక్క వంటిల్లు. వంటింటిని అంత దూరం ఎందుకు పెట్టారని మా ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ అడుగుతారు. నిప్పు భయం, పొగ, వాసన, పనివాళ్ల సందడి. భోజనాల గదిని పడమర వైపే పెట్టటంలో లెక్క అదే, వంటింటి నడవ అటే కలుస్తుంది.

చూపించటం కోసం కట్టారు అనటం నా ఊహ కాదు. మొదట్నుంచీ మర్యాదస్తులైన యాత్రికుల్ని లోపలికి రానిచ్చేవాళ్లు, 1769 నుంచే అచ్చేసిన కేటలాగ్ ఉండేది. హౌస్‌కీపర్ మిసెస్ గార్నెట్ వచ్చినవాళ్లని గదిగదికీ తిప్పేది. కేటలాగ్ చేత్తో పట్టుకున్న ఆమె చిత్రం ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంది. దొరల బొమ్మల మధ్య ఒక పనిమనిషి బొమ్మ, వెతికి చూడండి. 1777లో ఇంగ్లీషు రచయిత డాక్టర్ జాన్సన్ వచ్చాడు. ఇది టౌన్ హాల్‌కైతే భేషుగ్గా పనికొస్తుంది, స్తంభాల గదిలో జడ్జీలు, గుండ్రటి గదిలో జ్యూరీ, పైన ఖైదీలు ఉండొచ్చని ఎకసెక్కం ఆడాడు.

ఇక కలకత్తా

జాన్సన్ వెటకారానికన్నది దాదాపు పాతికేళ్లకి నిజమైంది. దర్బారు, విందు, సలాములు, వీటికి తగ్గ భవనం కావాలి వెల్లెస్లీకి. కెడిల్‌స్టన్ నడిమి భవనం పుట్టిందే ఆ పనికి. డిజైన్ చేసిన చార్లెస్ వయాట్ బెంగాల్ ఇంజినీర్స్ అనే సైనిక దళంలో ఉండేవాడు. కెడిల్‌స్టన్‌లో పని దగ్గరుండి చూసిన సామ్యూల్ వయాట్‌ది కూడా ఆ కుటుంబమే. ప్లాన్ గాల్లోంచి రాలేదు.

తేడాలు వాతావరణం తెచ్చినవి. ఇక్కడ చలి బయటే ఉండాలి, అక్కడ గాలి లోపలికి రావాలి. నాలుగు మూలలా విడివిడి రెక్కలుంటే ప్రతి గదికీ ఒకటికంటే ఎక్కువ వైపుల నుంచి గాలి ఆడుతుంది. పల్లాడియో ఆలోచన డెర్బీ కంటే బెంగాల్‌కే బాగా నప్పిందని నా అభిప్రాయం. డెర్బీలో ఆ నడవల్లో జనవరిలో నడిచిచూస్తే మీరే ఒప్పుకుంటారు. కలకత్తాలోది ఇటుక మీద సున్నపు గార.

ఈ కథలో గమ్మత్తు ఏంటంటే, 1859లో కెడిల్‌స్టన్‌లో పుట్టిన జార్జ్ నథానియల్ కర్జన్ 1899లో వైస్రాయ్‌గా వెళ్లి అదే ప్లాన్ ఉన్న ఇంట్లో దిగాడు. బెంగాల్‌ని విభజించిన కర్జన్ ఈయనే. 1902లో హైదరాబాద్ వచ్చి నిజాం మహబూబ్ అలీ ఖాన్‌తో మాట్లాడి ఆయన రాజ్యంలోని బేరార్ ప్రాంతాన్ని శాశ్వత లీజుకి తీసుకున్నదీ ఈయనే. ఇండియా నుంచి, చుట్టుపక్కల దేశాల నుంచి పోగేసిన వస్తువులు ఇప్పుడు కెడిల్‌స్టన్ కింది అంతస్తులో మ్యూజియంగా ఉన్నాయి. 1903 ఢిల్లీ దర్బార్ సంబరాల్లో భార్య మేరీ వేసుకున్న నెమలి పింఛం గౌను కూడా ఈ ఇంటిదే. జర్దోజీ పని ఢిల్లీలో, కుట్టు పారిస్‌లో.

ఒక జాగ్రత్త. దీన్నిబట్టి ఇల్లంతా ఇండియా సొమ్ముతో కట్టారని రాసేస్తుంటారు. కెడిల్‌స్టన్ విషయంలో అది సరికాదు. ఇల్లు 1760లలో లేచింది ప్రధానంగా తరతరాల భూముల కౌలు మీద. మ్యూజియం వస్తువులు వచ్చింది నూట నలభై ఏళ్ల తర్వాత. ఇండియా డబ్బుతో కట్టిన ఇళ్లు చూడాలంటే వేరే ఉన్నాయి. బెర్క్‌షైర్‌లో బాసిల్డన్ పార్క్, బెంగాల్‌లో సంపాదించిన ఫ్రాన్సిస్ సైక్స్‌ది. మన వైపు సంబంధం కావాలంటే హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో వుడ్‌హాల్ పార్క్. కట్టించిన థామస్ రంబోల్డ్ 1778లో మద్రాస్ గవర్నర్ అయ్యాడు. ఉత్తర సర్కారుల జమీందార్లని ఉన్న చోట విచారించటం మానిపించి మద్రాస్‌కి పిలిపించింది ఈయనే. లంచాల ఆరోపణలొచ్చాయి, పార్లమెంట్‌లో బిల్లు పెట్టారు, చివరికి అది ముందుకు సాగలేదు. ఆ ఇంట్లో ఇప్పుడు బడి నడుస్తోంది.

హైదరాబాద్ వాళ్లయితే కోఠీలో పాత రెసిడెన్సీని గుర్తు తెచ్చుకోండి, మొన్నటిదాకా ఉమెన్స్ కాలేజీ అన్నది. రెసిడెంట్, అంటే నిజాం దగ్గర కంపెనీ ప్రతినిధి, జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ కోసం మద్రాస్ ఇంజినీర్స్‌కి చెందిన సామ్యూల్ రస్సెల్ గీసింది, 1803 ప్రాంతంలో మొదలైంది, ఖర్చు నిజాంది. అది కెడిల్‌స్టన్‌ని చూసి కట్టింది కాదు గానీ పద్ధతి ఒకటే. కొరింథియన్ పోర్టికో, మెట్లు, అటూ ఇటూ సింహాలు, లోపల దర్బార్ హాల్. కాపురం మాత్రం వేరే చోట. భార్య ఖైరున్నిసా ఉన్నది తోటలో విడిగా కట్టిన రంగ్‌మహల్‌లో. అది ఇప్పుడు లేదు. పరదాలో ఉన్న ఆమెకి ముందు వైపు ఎలా ఉంటుందో చూపించటానికి చేయించాడని చెప్పుకునే చిన్న నమూనా భవనం మాత్రం ఆ ఆవరణలోనే ఉంది.

మళ్లీ వెళ్తే ఇలా చూడండి. ముందు లోపలికి వెళ్లకండి. ఉత్తరం వైపు దూరంగా నిలబడి కాగితం మీద నడిమి డబ్బా ఒకటి, రెండు రెక్కలు, కలిపే వంపులు గీసుకోండి. చుట్టూ తిరిగి దక్షిణం వైపు వెళ్లి, కట్టని రెండు రెక్కల్ని చుక్కల గీతతో గీయండి. అప్పుడు లోపలికి వెళ్లి ప్రతి గదిలో ఒకటే ప్రశ్న వేసుకోండి: ఇక్కడికి భోజనం, బొగ్గు, నీళ్లు ఏ తలుపులోంచి వచ్చి ఉంటాయి? విద్యార్థుల్ని తీసుకెళ్లినప్పుడు నేను చేయించేది ఇదే. గైడ్ చెప్పే పేర్లు మర్చిపోతారు గానీ ఈ తలుపుల సంగతి మర్చిపోరు.

చర్చిని వదిలేయకండి. కర్జన్, మేరీల సమాధులు అందులోనే. 1987 నుంచి ఇల్లు పాత కట్టడాలు కాపాడే నేషనల్ ట్రస్ట్ చేతిలో ఉంది, చర్చి నిర్వహణ మాత్రం వేరే ట్రస్ట్‌ది. పార్కు తెరిచి ఉన్న రోజల్లా ఇల్లు తెరిచి ఉంటుందని అనుకోవద్దు, చలికాలంలో మరీను. బయల్దేరే ముందు వెబ్‌సైట్‌లో మూడింటి వేళలూ చూసుకోండి. ఇంకో రోజు మిగిలితే అదే జిల్లాలో హార్డ్‌విక్ హాల్‌కి వెళ్లండి. 1590లలో కట్టింది, గోడకంటే అద్దం ఎక్కువ, ముఖ్యమైన గదులన్నీ పై అంతస్తులో. కెడిల్‌స్టన్ తర్వాత చూస్తేనే తేడా బాగా తెలుస్తుంది.